మా లైన్‌మన్ పీకిన దీపం

మా లైన్‌మన్ పోయిన సంగతి నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. మా అపార్ట్‌మెంట్ వాట్సప్ గుంపులో, నీళ్ళ ట్యాంకరు ఆలస్యమవుతుందన్న కబురుకూ, బేస్‌మెంట్‌లో ఎవరిదో కారు అడ్డంగా ఉందన్న ఫిర్యాదుకూ మధ్యన కనిపించింది. "మనందరి ప్రియతమ లైన్‌మన్ అంకుల్ ఈ ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు. ఓం శాంతి" అని రాసి, మా సెక్రటరీ మూడు జతల జోడించిన చేతులు పెట్టాడు. దాని కింద వరసగా మరిన్ని చేతులు. ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళు ఆ చేతుల మధ్యనే అడిగారు.

కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. అబద్ధం అచ్చులో ఎంత నున్నగా కనిపిస్తుందో నాకు తెలుసు. అయినా ఆ "ప్రియతమ" దగ్గర ఆగి, రెండోసారి చదివాను. రెండేళ్ళ కిందట ఇదే సెక్రటరీ, ఇదే గుంపులో, ఆ మనిషిని ఎవరూ ఇళ్ళల్లోకి రానివ్వవద్దని రాశాడు. అప్పుడు కూడా దాని కింద వరసగా చేతులే. కాకపోతే అప్పటివి జోడించిన చేతులు కావు, పైకెత్తిన బొటనవేళ్ళు.

అందుకని ఇది రాస్తున్నాను. పోయినవాడి గురించి నాలుగు తీపి మాటలు చెప్పి చేతులు కడుక్కోవడం నాకు చేతకాదు. అతనికి ఒక అన్యాయం జరిగింది. అది మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుల తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో ఇంగ్లీషులో రాసి ఉంది, కింద సంతకాలు ఉన్నాయి. అందులో రెండు మాటలు కొట్టేయమని అతను రెండేళ్ళు అడిగాడు. ఇంకేమీ అడగలేదు. ఆ రెండు మాటలు "అనుమతి లేకుండా" అన్నవి.

మేముండేది కన్నడ నేల మీద, పెద్ద నగరం శివారులోని చందాపురలో, నాలుగంతస్తుల భవనం. పై అంతస్తుల్లో పొద్దున్నే కంపెనీ క్యాబుల్లో మహదేవపుర వైపు వెళ్ళే చిన్నవాళ్ళు, కింద నాలాంటి రిటైరైన సరుకు. అన్నిటికన్నా కింద, మీటర్ల గది పక్క ఇంట్లో లైన్‌మన్, అతని భార్య. అత్తిబెలె దగ్గర పల్లె అతనిది. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. రిటైరయ్యేదాకా ముప్పై అయిదేళ్ళు కరెంటు స్తంభాలెక్కి దిగాడు. ఎడమచేతి రెండు వేళ్ళు కాలి, కొక్కేల్లాగా వంగి ఉండేవి. ఎలా కాలాయని అడిగితే, "ఎవరో ఆఫ్ చేసినామన్నారు సార్, నేను నమ్మినాను" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

నాకు అతనితో పరిచయం జగడంతో మొదలైంది. ఒక రోజు పొద్దున పేపరు అడగడానికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "లోపలికి వచ్చేదా సార్?" అన్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది, నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. అయినా అడిగాడు. రమ్మన్నాక వచ్చి, పేపరు సంగతి మరిచిపోయి, గాలి పీల్చాడు. వేరేవాళ్ళు ఇంట్లోకి వస్తే ఏం వంట అని వాసన చూస్తారు. ఇతను వైర్ల వాసన చూసేవాడు. తిన్నగా టీవీ దగ్గరికి వెళ్ళి, దాని కింది డబ్బా మీద చేతి వెనక భాగం ఆనించాడు.

"జ్వరం వచ్చినట్ల ఉండాది సార్ దీనికి. ఏంటికి ఆన్ చేసి పెట్టినారు?"

"ఆపే ఉంది కదయ్యా."

"ఎట్ల ఆపినారు?"

"రిమోట్‌తో."

"రిమోట్‌తో ఆపితే టీవీ పండుకోదు సార్. కండ్లు మూసుకోని మీ మాటలు వింటా ఉంటాది."

నాకు ఒళ్ళు మండింది. ఇలా రిమోట్‌తో ఆపిన వస్తువుల్లో ఖర్చయ్యే కరెంటు ఎంత అల్పమో నేను చదివి ఉన్నాను, చదివినదాన్ని చెప్పకుండా ఉండలేని జబ్బు నాకుంది. ఒక ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని అతను, "చదివింది కరెక్టే ఉంటాది. కిందికి రాండి, చూద్దురు" అని మీటర్ల గదికి తీసుకుపోయాడు. మా ఇంటి మీటరు మీద చిన్న ఎర్ర దీపం టకటకా కొట్టుకుంటోంది. ఇంట్లో ఎవరూ లేరు, ఫ్యాను కూడా తిరగడం లేదు.

"మీ ఇంట్లో ఎవురో కూచోని తింటా ఉండారు సార్. ఎవురో చూసి వస్తా. ఇంట్లోకి పోయేదా?" అని మళ్ళీ అడిగి, పైకి వెళ్ళాడు. నన్ను మీటరు ముందు నిలబెట్టాడు. ఆ పొద్దున మెట్ల మీదుగా మా ఇద్దరి కేకలు విని, ఏదో తగాదా అనుకుని తలుపులు తెరిచినవాళ్ళున్నారు.

"ఇప్పుడు?"

"కొట్టుకుంటోంది!"

"ఇప్పుడు?"

"కాస్త తగ్గింది!"

టీవీ, దాని డబ్బా, మైక్రోవేవ్, కంప్యూటరు, గోడకు వేలాడే ఛార్జరు, చివరికి ఒక నిమిషం ఫ్రిజ్జు. ఎర్ర దీపం నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, నిలిచిపోయింది. నా ఇల్లు ఊరికే ఉండటం మొదటిసారి చూశాను. అల్పమన్నది నిజమే. కానీ అది ఏ గంటా ఆగని అల్పం. నేను చదివిన ఏ కాగితం కూడా నన్ను మీటరు ముందు నిలబెట్టలేదు.

పైకి వెళ్ళి చూస్తే, పీకిన ప్లగ్గులన్నీ ఆయా వస్తువుల నెత్తి మీద పెట్టి ఉన్నాయి. అది అతని పద్ధతి. ప్లగ్గును నేల మీద పడేసేవాడు కాదు. ఏ తోక ఏ జంతువుదో ఇంటివాళ్ళు వెతుక్కోకూడదు అనేవాడు.

స్విచ్చి ఆపితే చాలదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మంచి ఇంట్లో చాలు. మా భవనం కట్టిన మహానుభావుడు చాలా గదుల్లో స్విచ్చిని ఉండవలసిన వైరు మీద కాకుండా రెండో వైరు మీద పెట్టించాడు. స్విచ్చి ఆపినా ప్లగ్గు రంధ్రంలో టెస్టరు పెడితే వెలుగుతుంది. ఈ సంగతి కనిపెట్టి సంఘానికి చెప్పింది మా లైన్‌మనే. సంఘంవాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆ మాట బయట అనవద్దన్నారు. ఫ్లాట్లు అమ్ముడు పోవట. అప్పటి నుంచి అతను ఎవరింటికి వెళ్ళినా ఒకటే చెప్పేవాడు. "స్విచ్చి ఆపితే కరెంటు వాకిట్లో కూచోనుంటాది. ప్లగ్గు పీకితే ఇంటికి పోతాది."

ఏటా ఆయుధ పూజ రోజు అతను చూడవలసిన మనిషి. మామూలుగా మా భవనంలో ఆ పూజ ఎలా జరుగుతుందంటే, తడి చేత్తో గంధం, కుంకుమ కలిపి ఫ్రిజ్జుకు, వాషింగ్ మెషీనుకు, మిక్సీకి, ఊపు తగ్గకుండా స్విచ్చు బోర్డుకు కూడా బొట్లు పెట్టేస్తారు. పైన పూలు, పూల మీద నీళ్ళ చుక్కలు. మా లైన్‌మన్ పొడిగుడ్డ భుజాన వేసుకుని పొద్దున్నే బయలుదేరేవాడు. "అమ్మా, అమ్మా, ఆడ పెట్టొద్దు! ఆయప్పకు స్నానం పనికిరాదు!" అని బోర్డుకు అడ్డం నిలబడేవాడు. పనిముట్లకు ఆ రోజు సెలవు కదా, సెలవంటే పూర్తి సెలవు ఇవ్వాలని అతని వాదం. ప్రతి ప్లగ్గూ పీకి, పిన్నులు నల్లబడ్డాయేమో చూసి, పొడిగుడ్డతో తుడిచి, పిన్ను నల్లగా ఉంటే ఇంటివాళ్ళ ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించేవాడు. ఆ తర్వాతే గంధం. చిన్నచిన్న ఇళ్ళలో ఎన్నెన్ని కాలిన పిన్నులు దొరికేవో. వాటిని మార్చేదాకా మళ్ళీ పెట్టనిచ్చేవాడు కాదు. మిక్సీ లేక ఆ రోజు చట్నీ ఆగిపోయిందని తిట్టినవాళ్ళు కూడా మధ్యాహ్నం అతని ఇంటికి చిత్రాన్నం పంపేవాళ్ళు.

ఇలాంటి మనిషిని మా సెక్రటరీ ఎన్నడూ లెక్క చేయలేదు. కానీ కరెంటు పొదుపు మీద అతనికి గొప్ప శ్రద్ధ. ఏడాదికొకసారి, ప్రపంచమంతా ఒక గంట దీపాలు ఆర్పుతుందట, ఆ సాయంత్రం అందరినీ కిందికి పిలిచి, కొవ్వొత్తులు పంచి, ఫోటోలు తీసేవాడు. ఒక ఏడు నేను, లైన్‌మన్ వెనకాల నిలబడ్డాం. అతను మెడ ఎత్తి చీకటి కిటికీలను చూస్తున్నాడు. ఒక్కో కిటికీలో ఒక్కో చుక్క, ఎర్రది, పచ్చది, నీలిది.

"నక్షత్రాలు సార్," అన్నాడు. "మూడో అంతస్తు ఏసీ. దాని పక్కన టీవీ. పైన సెక్రటరీ గారి ఇంట్లో మూడుండాయి, చూడండి."

ఆ మాట సెక్రటరీకి వినబడింది. "అంకుల్, ఇది సింబాలిక్ అండీ," అన్నాడు.

"అవునప్పా. కొవ్వొత్తి నిజంది, చీకటే సింబాలిక్," అన్నాడు లైన్‌మన్. చుట్టూ నలుగురు నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు. తరువాత జరిగినదానికి ఆ నవ్వు కూడా ఒక కారణమని నా నమ్మకం. నిరూపించలేను, వదులుకోనూలేను.

ఇప్పుడు దీపం సంగతి. మా భవనంలో ఎవరు ఊరికి వెళ్ళినా ఇంటి బీగాలు, అంటే తాళంచెవులు, లైన్‌మన్‌కు ఇచ్చి వెళ్ళేవారు. అతను మరునాడు పొద్దున వెళ్ళి, ఫ్రిజ్జు ఒక్కటి వదిలి తక్కినవన్నీ పీకి, తాళం వేసి వచ్చేవాడు. మూడో అంతస్తులో భార్యాభర్తలిద్దరున్నారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భార్య ఇంటి నుంచే ఏదో కంపెనీ పని చేస్తుంది. విజయవాడ వైపువాళ్ళు. వాళ్ళు ఒక పెళ్ళికని వారం రోజులు ఊరికి వెళుతూ, లిఫ్టు దగ్గర అతని చేతికి బీగాలు ఇచ్చారు.

వాళ్ళింట్లో చెక్కతో చేసిన పూజామందిరం ఉంది. అందులో కరెంటు దీపం. నూనె పోసేది కాదు, ప్లాస్టిక్ ప్రమిద, ప్లాస్టిక్ జ్వాల, లోపల చిన్న బల్బు. దానికి తోడు పటాల చుట్టూ రంగురంగుల సీరియల్ లైట్లు, నామం జపిస్తూ ఉండే ఒక పెట్టె. అన్నీ కలిపి ఒక్క ప్లగ్గులోకి దిగాయి. ఊరెళ్ళేటప్పుడు ఇల్లంతా స్విచ్చులు ఆపినవాళ్ళు దాన్ని మాత్రం ఆపలేదు. దేవుడి దీపం ఆర్పకూడదు కదా! ఇది వాళ్ళొక్కరి తప్పు కాదు. మా భవనంలో సగం ఇళ్ళలో ఇదే. నూనె దీపాన్ని ఖాళీ ఇంట్లో వదిలి వెళ్ళడానికి భయపడేవాళ్ళు, ఈ ప్లాస్టిక్ దీపాన్ని మాత్రం వారాల తరబడి నిశ్చింతగా వదిలి వెళతారు. ఇందులో మంట ఉండదని వాళ్ళ ధీమా.

లైన్‌మన్ వెళ్ళేసరికి ఆ ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి ఉంది. చెక్క గోడకు ఆనుకుని ఉంది. పీకేశాడు. పీకి, వచ్చేయలేదు. దేవుణ్ణి చీకట్లో పెట్టి రావడానికి అతనికి మనసొప్పలేదు. కిందికి దిగి, తన ఇంటి నుంచి మట్టి ప్రమిద, ఒత్తి, చెంచాడు నూనె తెచ్చి వెలిగించాడు. అది కొండెక్కేదాకా ఆ నేల మీదే కూర్చున్నాడు. తరువాత తాళం వేసి వచ్చాడు. ఇదంతా ఆ రోజే నాకు చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ.

ఆ వారంలోనే, పెళ్ళి పందిట్లో ఉండగా, మూడో అంతస్తు భర్తకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, రేపటి నుంచి రావద్దని. వాళ్ళు తిరిగి వచ్చి తలుపు తీస్తే దేవుడి ముందు చీకటి. మందిరం మీద, పద్ధతి ప్రకారం, పీకిన ప్లగ్గు. దీపం ఆరినందుకే ఉద్యోగం పోయిందని ఆ ఇల్లాలు ఏడ్చింది. ఆమె ఏడుపును నేను తప్పు పట్టను, భయపడిన మనిషి దేన్నయినా పట్టుకుంటుంది. ఆ ఏడుపును తీసుకుపోయి మీటింగు పెట్టినవాణ్ణి తప్పు పడతాను.

బేస్‌మెంట్‌లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. సెక్రటరీ లేచి, ఉద్యోగం సంగతి ఎత్తకుండా, గొంతు సవరించుకుని, "ఇది బిలీఫ్స్ విషయం కాదండీ, ప్రైవసీ విషయం," అన్నాడు. "ఒకరి ఇంట్లోకి వెళ్ళి, వాళ్ళ పర్సనల్ స్పేస్‌లో, పూజా రూమ్‌లో... బౌండరీస్ ఉండాలి కదా అంకుల్?"

"బీగాలు వాళ్ళే ఇచ్చినారు కదప్పా," అన్నాడు లైన్‌మన్.

"కీస్ ఇచ్చింది ఎమర్జెన్సీ కోసం అంకుల్."

"కాలేదాకా ఎమర్జెన్సీ కాదు, కాలినాక నేనేంటికి?"

మూడో అంతస్తు భార్య తల వంచుకుని కూర్చుంది. భర్త ఫోను చూసుకుంటున్నాడు. ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, తొందరగా ముగిస్తే బాగుండునని చూస్తున్నాను. పుస్తకం చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది, సంతకం చేసి పక్కకు ఇచ్చాను.

మూడు రోజుల తరువాత లైన్‌మన్ మా గుమ్మం బయట నిలబడ్డాడు. "వచ్చేదా సార్?" అని వచ్చి, ఫోను చూపించాడు. మినిట్స్ పుస్తకంలోని ఆ పేజీ ఫోటో. "ఇంగ్లీషు. చదివి చెప్పండి."

చదివాను. ఫలానా నివాసి అనుమతి లేకుండా మరొకరి ఇంట్లోకి ప్రవేశించి పూజామందిరంలోని దీపాన్ని ఆర్పినందున, ఇకపై ఏ ఇంట్లోకీ అతనిని రానివ్వరాదని తీర్మానించడమైనది. కింద సంతకాలు. పైనుంచి అయిదోది నాది.

అతను ఫోను వెనక్కి తీసుకున్నాడు. తరువాత, "అనుమతి లేకుండా అంటే దొంగ అనే కదా సార్?" అన్నాడు.

"అలాంటిదే."

"ముప్పై అయిదేండ్లు జనాల ఇండ్లలోకి పోయినాను. వాకిట్లో నిలబడి అడక్కుండా ఒక్క ఇంట్లోకి పోలేదు. దీపం ఆర్పినానని రాసుకోనీ, ఆర్పినాను. ఈ మాట మటుకు వద్దు." అని, స్క్రీను మీద అయిదో సంతకాన్ని వేలితో పెద్దది చేసి చూశాడు. "ఇది మీదే కదా?"

"చదవలేదప్పా," అన్నాను.

"మీరా? చదవలేదా?" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, ఎత్తిపొడవడానికి కాదు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కోస్తుంది. బతుకంతా కంటికి కనిపించిన ప్రతి కాగితాన్నీ చదివినవాణ్ణి. చదవవలసిన ఒక్క పేజీని చదవకుండా పక్కకు తోశాను.

ఆ తరువాత సంఘం సమావేశమైనప్పుడల్లా లేచి అడిగాడు. మూడు సార్లు. "రెండు మాటలు కొట్టేయండప్పా, చాలు." మూడుసార్లూ ఒకటే జవాబు. "అప్రూవ్ అయిన మినిట్స్ ఎడిట్ చేయలేమండీ, ప్రాసెస్ ఉంటుంది." నేను కూడా అతని పక్కన లేచి నిలబడ్డాను. అప్పటికి నా మాటకు విలువ ఏముంది? సంతకం చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇళ్ళల్లోకి వెళ్ళడం మానేశాడు. ఆయుధ పూజకు తన ఇంట్లోని ప్లగ్గులు మాత్రం పీకి, పొడిగుడ్డతో తుడిచి, వాకిట్లో కూర్చున్నాడు. పై అంతస్తుల నుంచి కొందరు ప్లగ్గులున్న వైర్లను సంచుల్లో వేసుకుని, దొంగచాటుగా కిందికి తెచ్చి చూపించుకుపోయారు. వాళ్ళ పేర్లు రాయను. ధైర్యం చాలకపోయినా తెలివి మిగిలినవాళ్ళు.

పోయినేడు వానాకాలానికి ముందు, ఒక మధ్యాహ్నం, మూడో అంతస్తు నుంచి కేక వినబడింది. ప్లాస్టిక్ దీపం మళ్ళీ పెట్టారు, అదే ప్లగ్గు, అదే చెక్క గోడ. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. పొగ మెట్ల మీదికి వచ్చేసింది. మా లైన్‌మన్ పైకి పరుగెత్తలేదు, ముందు మీటర్ల గదిలోకి పరుగెత్తి ఆ ఇంటి ఫ్యూజు పీకాడు. అప్పుడు, ఆ వయసులో, మూడంతస్తులు ఎక్కాడు. నేను ఆయాసపడుతూ వెనకే ఉన్నాను. చూసినదే రాస్తున్నాను.

తలుపు తెరిచి ఉంది. పొగలో ఆమె బిందెతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఇతను గడప బయట ఆగాడు.

"అమ్మా, లోపలికి వచ్చేదా?"

ఆమెకు అర్థం కాలేదు. "అంకుల్, రండి, రండి!"

"వచ్చేదా అని అడిగినానమ్మా. సార్ కూడా ఉండాడు, విన్నాడు."

"రండంకుల్, ప్లీజ్!" అని ఆమె అరిచాక గడప దాటాడు. కరెంటు తీసేశానని, ఇప్పుడు నీళ్ళు పొయ్యమని ఆమెకు చెప్పి, కాలుతున్న మందిరాన్ని గోడ నుంచి దూరంగా లాగాడు. పటాలు ఒక్కొక్కటే తీసి, తువ్వాలుతో తుడిచి, సోఫా మీద పెట్టాడు. ఇల్లు దక్కింది. అతను పోయింది ఊపిరితిత్తుల జబ్బుతో. ఆ పొగ వల్లనే అవి చెడ్డాయని రాయాలని నాకు ఆశగా ఉంది. డాక్టరు అలా చెప్పలేదు, కనుక రాయను. కానీ గడప దగ్గర అతను ఆగిన ఆ కొద్ది క్షణాలను మా సంఘంలో ప్రతి ఒక్కడూ మోయాలి. పొగ వస్తున్న ఇంటి ముందు ఒక మనిషి అనుమతి అడుగుతూ నిలబడేలా చేసింది మేము.

సాయంత్రానికి గుంపులో కబురు వచ్చింది. "మైనర్ ఇన్సిడెంట్, వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల." లైన్‌మన్ ఊసు లేదు. మినిట్స్ పుస్తకంలో ఏమీ మారలేదు.

ఇప్పుడు సంతాప సభ గురించి. ఈ ఆదివారం పొద్దున జరిగింది, బేస్‌మెంట్‌లోనే. అజెండా కాగితం గోడకు అంటించారు. మొదటి అంశం సంతాపం, రెండవది నీళ్ళ ట్యాంకరు. ఒక మనిషి చావును, ట్యాంకరును ఒకే కాగితం మీద కుదించడానికి ఎంత పొదుపు తెలియాలో ఆలోచించండి. ముందు వరసలో అతని భార్యను కూర్చోబెట్టారు. సెక్రటరీ లేచి, అంకుల్ ఎనర్జీ సేవింగ్‌లో ఒక విజనరీ అనీ, ఆయన మాటలను పోస్టర్లుగా వేసి లిఫ్టులో పెడదామనీ అన్నాడు. జనం చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగారు.

నేను లేచాను. "మినిట్స్ పుస్తకం తీయండి," అన్నాను.

"అంకుల్, ఇది దానికి టైమ్ కాదండీ. ఆంటీ ముందర ఎందుకు ఇవన్నీ?"

"ఆమె ముందరే కావాలి."

"నెక్స్ట్ జనరల్ బాడీలో అజెండా ఐటమ్‌గా పెడదాం. ఐ ప్రామిస్."

"ఆ జనరల్ బాడీకి అతను రాలేడు. ఇప్పుడే తీయండి. పోస్టరు మీద ఒక మాట, పుస్తకంలో ఒక మాట కుదరదు."

ట్యాంకరు అంశం కోసం పుస్తకం అతని సంచిలోనే ఉంది. అందరూ ఆ సంచి వైపే చూశారు. తీయక తప్పలేదు. పేజీ వెతికి, నేను పైకి చదివాను, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. అయిదో సంతకం నాదని కూడా చదివాను. అప్పుడు వెనక వరస నుంచి మూడో అంతస్తు భార్య లేచింది. భర్త చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

"కీస్ నేనే ఇచ్చానండీ," అంది. "లిఫ్ట్ దగ్గర. అన్నీ చూసుకోండంకుల్ అని కూడా అన్నాను. ఆ రోజు ఇక్కడే కూర్చుని, ఆ ముక్క చెప్పలేదు. మా ఇంట్లో మంటొచ్చిన రోజు కూడా ఆయన గుమ్మంలో నిలబడి అడిగితే గానీ నాకు అర్థం కాలేదు, నేనేం చేశానో."

ముందుకు వచ్చి, నా జేబులోని పెన్ను తీసుకుని, ఆ రెండు మాటల మీద గీత గీసింది. ఒకసారి కాదు, కాగితం చిరుగుతుందేమోనన్నంతగా.

"మేడమ్, అది లీగల్ డాక్యుమెంట్!" అన్నాడు సెక్రటరీ.

"అబద్ధం కూడా లీగల్‌గానే రాశారు కదండీ."

కొట్టివేత పక్కన సంతకం లేకపోతే అది చెల్లదని లైబ్రరీ రిజిస్టర్లు నాకు నేర్పాయి. ఆమె చేసింది. నేను ఆ పేజీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, అప్పుడు చేశాను. తరువాత కుర్చీలు జరిగిన చప్పుడు. ఒకరు, మరొకరు. ఆనాడు బొటనవేలు ఎత్తినవాళ్ళే. చోటు చాలక అంచు మీద, వరసల మధ్యన సంతకాలు. అందరూ రాలేదు. కొందరు కాఫీ ఫ్లాస్కు వైపు నడిచారు. వాళ్ళెవరో నేను గుర్తుపెట్టుకున్నాను, మరిచిపోయే ఉద్దేశం లేదు. సెక్రటరీ సంతకం చేయలేదు.

లైన్‌మన్ భార్యకు ఇంగ్లీషు రాదు. పుస్తకాన్ని ఆమె ఒడిలో పెట్టాను.

"ఏం రాసి ఉండాదన్నా?"

"అడక్కుండా ఇంట్లోకి పోయినాడని ఉండిందమ్మా. కొట్టేశారు."

ఆమె పుస్తకాన్ని దగ్గరికి జరుపుకుంది. "ఆయప్ప మా ఇంట్లోకి కూడా అడక్కుండా రాడన్నా," అంది. "పెండ్లయిన కాడి నుంచి అంతే. డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లో నిలబడి, వచ్చేదా అంటాడు. మన ఇల్లే కదా, రా అని నగుతాంటిని."

కార్లు దిగే వాలు మీదుగా గాలి బలంగా వస్తోంది. పుస్తకం పేజీలు లేచి లేచి పడుతున్నాయి. సిరా ఇంకా ఆరలేదు. ఆమె ఆ ఒక్క పేజీ మీద అరచేయి పరిచింది. రెండో అంశం రాయడానికి ఆ పుస్తకం కావాలి, సెక్రటరీ పెన్ను పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. చెయ్యి తీయమని అతను అనలేకపోయాడు.